దమియాను పక్షమున ఒక లేఖ

ఒక సంచికలో ఇమిడిపోవునంత చిన్న లేఖను గూర్చి ఈ మాసము మీతో మాటలాడగోరుచున్నాను. దానిని 1890 ఫిబ్రవరిలో సిడ్నీ పట్టణమున స్కాట్లండు రచయితయైన రాబర్టు లూయీ స్టీవెన్సన్ వ్రాసెను. ఆయన ప్రొటెస్టెంటు గృహములో పెరిగినవాడు. ఎవరికి వ్రాసెనో ఆ హోనొలూలు నివాసి డాక్టరు హైడు ప్రొటెస్టెంటు బోధకుడు. ఎవరి పక్షమున వ్రాసెనో ఆయన మాత్రము కథోలిక గురువు.

ఆ గురువు దమియాను. బెల్జియములోని ఒక పల్లెలో 1840లో పుట్టి, 1873 మేలో హవాయి దీవులలోని మొలొకాయికి వెళ్లెను. ప్రభుత్వము కుష్ఠరోగులను తెచ్చి విడిచిన చోటది. ఒక ప్రక్క నిట్టనిలువు కొండ, తక్కిన ప్రక్కల సముద్రము. అచ్చట ఆయన పుండ్లు కడిగెను, ఇండ్లు కట్టెను, శవపేటికలు చేసెను, గోతులు త్రవ్వెను. 1884లో కాగిన నీటిలో పాదము కాలినను నొప్పి తెలియలేదు. రోగము తన్నును పట్టెనని గ్రహించెను. 1889 ఏప్రిల్ 15న, తన 49వ యేట, మరణించెను.

కొద్ది నెలలకే హైడుగారు మరియొక బోధకునికి వ్రాసిన ఉత్తరము సిడ్నీ పత్రికకెక్కెను. దమియాను మురికివాడనియు, మొండివాడనియు, దుర్నడతవలననే రోగము తెచ్చుకొనెననియు అందున్నది.

స్టీవెన్సన్ జవాబులోని బలము ఎక్కడనున్నది? ఆయన దమియానుకు దేవదూత వేషము వేయలేదు. తానే మొలొకాయికి వెళ్లి కొన్ని దినములుండి, దమియాను గిట్టనివారి సాక్ష్యమును సహితము విచారించెను. శుభ్రత తక్కువ, నిజమే. మొండితనము కలదు, నిజమే. అయితే అతడక్కడ ఉండగా నీవెక్కడ ఉంటివని ఆయన అడుగుచున్నాడు. ఈ ఒక్క ప్రశ్నకు హైడుగారియొద్ద జవాబు లేదు.

మనము చదువు భక్తుల చరిత్రలలో అనేకము సున్నము కొట్టిన గోడలవంటివి. మచ్చలేనివాని కథ విని మెచ్చుకొని, పుస్తకము మూసి నిద్రించెదము. కోపము, మొండితనము గల మనవంటి మనుష్యుడు ఇంత చేసెనని విన్నప్పుడు తప్పించుకొనుటకు దారి యుండదు.

లేఖలో లోపము లేకపోలేదు. హైడును కొట్టిన దెబ్బలలో కనికరము కానరాదు. అంత కఠినముగా కొట్టితినేయని స్టీవెన్సన్ ఆ సంవత్సరమే ఒప్పుకొనెను. ఆ లేఖకు ప్రతిఫలము మాత్రము ముట్టనని చెప్పెను.

నేనును బోధకుడనే. ఈ లేఖ చదువునప్పుడెల్ల దమియాను ప్రక్కన కూర్చుండ ధైర్యము చాలక, హైడుగారి ప్రక్కనే కూర్చుండుచున్నాను. పొరుగు సంఘమువారు ఒక రోగిని మోసికొనిపోయిరని వింటిమా, "ఏమి ఆశించియో!" అనుమాట మన అరుగులమీద ఎంత సులువుగా పుట్టును! ఆ రోగి గడప మనము త్రొక్కితిమా?

2009లో కథోలిక సంఘము దమియానును పునీతునిగా ప్రకటించెను. పునీతులకు మనము ప్రార్థన చేయము. అయినను యోహాను 15:13 తీసి నెమ్మదిగా చదువుడి. ఆ వచనమును జీవించినవానిని మన సంఘపు పట్టీలో పేరు లేదని త్రోసివేయగలమా?