చేతులు మారిన ఆటకు

ఎవరో ఆడి విడిచిన వీడియో ఆటా, నీకు దండం! షోరూం అద్దాల వెనక నువ్వు ఖరీదైన సరుకువి. చేతులు మారి మా వీధికొచ్చాక మాదానివయ్యావు.

పటాన్‌చెరు నుంచి ఎర్రగడ్డకు ముంబై హైవే మీద నేరుగా దారి. ఆదివారం అక్కడి సంతలో రిమోట్లు, చార్జర్లు, ఊడిన మోటార్ల నడుమ నేల మీద పరిచిన పట్టామీద నువ్వు దొరుకుతావు. వారమంతా పాశమైలారం ఫ్యాక్టరీలో షిఫ్టు చేసిన మనిషి నీ ముందు గొంతుక్కూచుంటాడు. "నడుస్తదా అన్నా? ఎంతకిస్తవ్?"

నీకు ధర కట్టడం ఒక విద్య. ముందు నిన్ను వెలుతురుకెత్తి చూడాలి. ప్లేస్టేషన్ 1 డిస్కు అడుగు నల్లగా మెరుస్తుంది. అక్కడి సన్నగీత పాలిష్‌తో పోవచ్చు. బొమ్మున్న పైభాగం లోతుగా గీసుకుంటే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే, ఆట దాగిన పొర దాని కిందే ఉంటుంది. బ్లూరే డిస్కులో ఆ పొర అడుగు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, అందుకే దానికి గట్టి పూత పూశారు. వయసును బట్టి వెల పెరగదు. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 ప్రపంచమంతటా 15 కోట్లకు పైగా అమ్ముడైంది, పాతదే కానీ అరుదు కాదు. నీలాంటివి ఎన్ని మిగిలాయి, ఎందరు వెతుకుతున్నారు, అదే లెక్క. కొత్త ఏడాది ఫుట్‌బాల్ ఆట రాగానే నిరుటిది దిగిపోతుంది. మంచి కథున్నది నిలబడుతుంది. డబ్బా, లోపలి కాగితం ఉంటే ఇంకో మెట్టు పైన.

క్యాసెట్టువై వస్తే ఇంకా ముద్దు. 1983లో జపాన్‌లో పుట్టిన గేమ్ యంత్రం ఫ్యామికామ్‌కు నకళ్లే మా తొంభైల టీవీ గేములు. 60 పిన్నుల ఆ క్యాసెట్ల మీద "9999 ఇన్ 1" అని ఉండేది, లోపల మాత్రం కాంట్రా, మారియో లాంటి కొన్ని ఆటలే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. నోటితో ఊదొద్దు, తడికి పిన్నులు పాడవుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవాలి. పటాన్‌చెరు మందుల కంపెనీల్లో పనిచేసే వాళ్లకు ఆ వాసన కొత్తేం కాదు. దూది నల్లబడి పిన్ను మెరిసిందంటే నీ వెల పెరిగినట్టే.

డౌన్‌లోడ్ చేసుకున్న ఆటను ఆడేశాక పక్కింటి పిల్లాడి చేతిలో పెట్టలేం. నిన్ను పెట్టగలం. నీ గొప్పతనమంతా ఇదే.

ఇంట్లో అటక మీద ఇలాంటి డిస్కో క్యాసెట్టో ఉంటే తూకానికి వేయకండి. తుడిచి, డబ్బాలో పెట్టి, ఆడేవాళ్లకు అమ్మండి, లేదా ఊరికే ఇచ్చేయండి.