ఏం కూర చేశారు?

ఉదయం పది దాటాక, పిల్లలు బడికీ పెద్దలు ఆఫీసులకూ వెళ్లిపోయాక, తెలుగు ఇళ్లలో ఫోన్లు మెల్లగా మోగడం మొదలుపెడతాయి. ఏం కూర చేశారు? పనమ్మాయి వచ్చిందా? గ్యాస్ బండ ఇంకా రాలేదు. మా వాడు మళ్లీ టిఫిన్ డబ్బా బళ్లో మరిచిపోయి వచ్చాడు. ఇలాంటి మాటలు రోజూ రాసుకునే ఐదారుగురు స్నేహితుల్లో ఒకరు గుంటూరులో, ఒకరు వరంగల్‌లో, ఒకరు బెంగళూరులో, ఒకరు డాలస్‌లో ఉంటారు. కొందరు ఒకరి ముఖం ఒకరు ఎదురుగా చూసి కూడా ఉండరు. ఇంట్లో మిగతావాళ్ల కంటికి ఇది పనిలేని కాలక్షేపం. నా అభిప్రాయం అందుకు పూర్తిగా ఎదురు. ఈ కబుర్లు చేసే పని మరే రకం సంభాషణా చేయలేదు. దూరాన ఉన్న మనిషి రోజు ఎలా గడుస్తోందో ఇవి ఇంకొకరికి తెలియజేస్తాయి. ఆ తెలియడం ఆగిపోయిన స్నేహం పుట్టినరోజు శుభాకాంక్షల దాకా కుదించుకుపోతుంది. పైగా కబుర్లాడటం పుట్టుకతో అందరికీ వచ్చేది కాదు, సాధనతో పట్టుబడే విద్య.

మాట్లాడటమంటే ఏదో ఒక సమాచారం చేరవేయడమే అనుకున్నంత కాలం ఈ కబుర్లు వృథాగానే కనిపిస్తాయి. పసిఫిక్ మహాసముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో చాలాకాలం ఉండి అక్కడి మనుషులను గమనించిన మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మలినోవ్‌స్కీ 1923లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చాడు. వాతావరణం గురించో, కళ్లెదుటే కనిపించే విషయం గురించో మనుషులు మాట్లాడుకునేది కొత్త సంగతి చెప్పడానికి కాదు, ఒకరికొకరు తోడున్నామని తెలుపుకోవడానికే అని ఆయన వాదన. తర్వాత 1990లలో బ్రిటిష్ పరిశోధకుడు రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు జనం మామూలుగా మాట్లాడుకునే చోట్ల కూర్చుని విని లెక్కవేస్తే, సంభాషణ సమయంలో దాదాపు మూడింట రెండు వంతులు మనుషుల గురించీ, బంధాల గురించీ, రోజువారీ అనుభవాల గురించే నడుస్తోందని తేలింది. మన ఇళ్లకు వచ్చిన పాత ఉత్తరాలు తీసి చూసినా ఇదే కనిపిస్తుంది. ఉభయకుశలోపరి అని మొదలై, ఆవు ఈనిందనీ, పాప పాకుతోందనీ, ఈ ఏడు మామిడి కాపు బాగుందనీ సాగి, పెద్దలకు నమస్కారాలతో ముగిసే ఇన్లాండ్ కవరులో జరూరుగా తెలియవలసిన వార్త ఎంత? అయినా ఆ కవరు కోసం పోస్ట్‌మాన్ దారి చూసేవారు. కలం స్నేహం పేరిట ముఖపరిచయం లేనివాళ్లు ఏళ్లపాటు ఉత్తరాలు రాసుకున్న రోజులూ ఉన్నాయి. ఫోనులో పుట్టిన స్నేహం నిజమైన స్నేహమేనా అని సందేహించేవారు ఆ కాలాన్ని ఒకసారి తలుచుకోవాలి.

ఇంటి మాటలకు విలువ ఎందుకు తగ్గిందో కూడా చూడాలి. రచ్చబండ దగ్గర మగవాళ్లు వానల గురించీ ధరల గురించీ ఎన్నికల గురించీ మాట్లాడుకుంటే అది లోకజ్ఞానం. నూతి దగ్గరో వీధి కుళాయి దగ్గరో ఆడవాళ్లు మాట్లాడుకుంటే అమ్మలక్కల కబుర్లు. ఈ తేడా మాటల్లో లేదు, మాట్లాడేవారిని చూసే చూపులో ఉంది. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ల లెక్క 88 నిమిషాలు. అంటే ఒక మనిషి మెలకువగా ఉండే సమయంలో దాదాపు ఐదు గంటలు మింగే పని ఇది. ఆఫీసులో ఐదు గంటలు చేసిన పని గురించి ఎవరైనా మాట్లాడితే వృత్తి చర్చ అంటాం. వంటింట్లో ఐదు గంటలు చేసిన పని గురించి మాట్లాడితే సొల్లు అంటాం. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం. మన సాహిత్యం, మన పత్రికలు ఈ సంగతిని ముందే గుర్తించాయి. అత్తగారి చాదస్తాన్నీ, ఇంటి గొడవల్నీ తీసుకుని భానుమతీ రామకృష్ణ అత్తగారి కథలు రాస్తే తెలుగువాళ్లు వాటిని హాస్య సాహిత్యంలో ముందు వరుసలో నిలబెట్టుకున్నారు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ రాసిన మహిళల శీర్షిక ప్రమదావనం నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. అచ్చులో గౌరవం దక్కిన విషయమే నలుగురు స్నేహితుల నోట వచ్చేసరికి చులకన కావడానికి కారణం కనిపించదు.

ఇక విద్య సంగతి. ఈ పూట పప్పు చేశాను అని రాస్తే దానికి జవాబు ఉండదు. పప్పు పెట్టి ఫోన్ ఎత్తాను, కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో లెక్క తప్పింది అని రాస్తే నాలుగు జవాబులు వస్తాయి. రెండో మాటలో ఎదుటివారి అనుభవానికి చోటుంది, వాళ్ల వంటింట్లోనూ అదే జరిగి ఉంటుంది కనుక. ఇంటి కబుర్లలో చిన్న పొరపాట్లకు అంత గిరాకీ ఉండటానికి కారణం ఇదే. మాడిన ఉప్మా అందర్నీ ఒక మెట్టు మీద కూర్చోబెడుతుంది. కొత్తగా కొన్న నగ ఫొటో బాగుంది అనిపించుకుని, ఆ తర్వాత అందర్నీ నిశ్శబ్దంలోకి నెడుతుంది. నగ కొనడం తప్పని కాదు, దాని వెనక ఉన్న కథ చెబితే కబురవుతుంది, ధర చెబితే ప్రదర్శనవుతుంది. సలహాలకూ ఒక పద్ధతి ఉంది. కూర విషయంలో ఎవరైనా ఎవరికైనా సలహా చెప్పవచ్చు, పులుపెక్కువైతే కాస్త బెల్లం వేయమంటే ఎవరూ నొచ్చుకోరు. పిల్లల పెంపకం విషయంలో మాత్రం అడిగితే తప్ప చెప్పకూడదు.

అన్నిటికంటే పెద్ద నేర్పు గుర్తుపెట్టుకోవడం. మే నెలలో ఒకరు ఆవకాయ కలిపామని రాస్తారు. కారం ఎంత, ఆవపిండి ఎంత, నూనె పప్పునూనేనా అన్న చర్చ ఆ రోజే అయిపోతుంది. మూడో రోజున ఇంకొకరు, అక్కా, తిరగకలిపారా, నూనె పైకి తేలిందా అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నలో ఎంత ఉందో చూడండి. నువ్వు చెప్పింది విన్నాను, నీ జాడీ సంగతి రెండు రోజుల తర్వాత కూడా నా మనసులో ఉంది అని నేరుగా చెప్పడానికి మొహమాటపడే మనుషులు ఆవకాయ పేరు పెట్టుకుని ఆ మాట చెప్పేస్తారు. డాలస్‌లో వేసవి రాత్రి 9 గంటలైతే హైదరాబాద్‌లో అప్పుడు మర్నాటి ఉదయం 7:30. అక్కడ రాత్రి గిన్నెలు తోమేవేళకు ఇక్కడ ఇడ్లీలోకి పచ్చడి నూరుతుంటారు. ఒకరి రోజు ముగిసేచోట ఇంకొకరి రోజు మొదలయ్యే ఈ కాసేపటిలో పెద్ద విషయాలు పట్టవు. తిరగకలిపారా అన్న ప్రశ్న పడుతుంది.

గుంపు చిన్నదిగా ఉండాలన్నది కూడా ఈ విద్యలో భాగమే. వాట్సాప్ 2022 నుంచి ఒక గ్రూపులో 1024 మందిని చేర్చుకోనిస్తోంది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఒకే సంభాషణలో నలుగురికి మించి నిలవలేరని, ఐదో మనిషి వచ్చేసరికి మాటలు రెండుగా చీలిపోతాయని డన్‌బార్ బృందం 1995లోనే రాసింది. ఫోనులో ఆ సంఖ్య కాస్త సాగవచ్చు కానీ వందకు సాగదు. వందమంది వినే చోట మా ఇంట్లో ఇవాళ అన్నం మాడింది అని ఎవరూ రాయరు. అక్కడ మిగిలేవి పువ్వుల బొమ్మ మీద శుభోదయాలు, ఎవరో పంపితే ఎవరికో పంపే సందేశాలు. వాటిలో పంపినవారి రోజు లేదు, అందుకే వాటికి జవాబుగా ఇంకో పువ్వుల బొమ్మే వస్తుంది.

ఇంటి కబుర్లను ఇలా వెనకేసుకొస్తే వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికంటే బలమైనదాన్ని తీసుకుంటాను. పైపై మాటల వల్ల దగ్గరితనం పెరగదు, లోతైన మాటలే మనిషికి తృప్తినిస్తాయి అంటారు. దీని వెనక పరిశోధన కూడా ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త మథియాస్ మెల్ బృందం 2010లో 79 మంది విద్యార్థుల రోజువారీ మాటల తునకలను రికార్డు చేసి, సంతోషంగా ఉన్నవారు లోతైన సంభాషణలు ఎక్కువగా, పొడిమాటలు తక్కువగా మాట్లాడుతున్నారని చెప్పింది. అయితే అదే ప్రశ్నను 486 మందితో మళ్లీ పరీక్షించి 2018లో ప్రచురించినప్పుడు లోతైన మాటలకు, తృప్తికి ఉన్న సంబంధం నిలిచింది, పొడిమాటలు సంతోషాన్ని తగ్గిస్తాయన్నది నిలవలేదు. అదే ఏడాది అమెరికా కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్, పరిచయస్థులు మామూలు స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, ఆప్తులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని అంచనా వేశాడు. ఆయన పరిశోధనలోనూ ముక్తసరి పలకరింపులు దగ్గరితనాన్ని పెంచలేదు. ఒకరి విశేషాలు ఒకరు అడిగి తెలుసుకోవడం, కలిసి నవ్వుకోవడం పెంచాయి. నేను చెబుతున్న ఇంటి కబుర్లు ఈ రెండో కోవలోవి. బాగున్నారా, బాగున్నాం అనేది పొడిమాట. మొన్న మీ అత్తగారికి మోకాలి నొప్పి అన్నారు, మెట్లు దిగుతున్నారా అనేది విశేషం అడగడం. అభ్యంతరం చెప్పేవారు ఈ రెంటినీ ఒకే గాటన కడుతున్నారు. లోతైన మాటలు అవసరం లేదని నేననను. కానీ ఆరు నెలలుగా పలకరింపు లేని మనిషికి హఠాత్తుగా ఫోన్ చేసి నా కాపురంలో కష్టమొచ్చింది అని ఎంతమంది చెప్పగలరు? రోజూ కూర సంగతి చెప్పుకునే మనిషితో ఆ మాట చెప్పడం కొంత సులువు.

పక్కింటివాళ్లను పట్టించుకోకుండా ఎక్కడో ఉన్నవాళ్లతో ఈ కబుర్లేమిటన్నది ఇంకో అభ్యంతరం. ఇందులో నిజముంది. జ్వరమొస్తే డాలస్ స్నేహితురాలు గంజి కాచి తేలేదు. ఫోను స్నేహం పక్కింటికి ప్రత్యామ్నాయమని ఎవరూ అనకూడదు. కానీ అపార్ట్‌మెంట్లలో వరండాలు, అరుగులు పోయి, మూసిన తలుపుల మధ్య బతుకుతున్న మనిషికి కబుర్లు చెప్పే అలవాటు ఎక్కడో ఒకచోట బతికి ఉండటం మంచిదే. అది బతికున్నవాళ్లే లిఫ్టులో కనిపించిన పక్కింటావిడను పలకరించగలరు.

మూడోది చాడీల భయం. ఇంటి కబుర్లు ఇంట్లోవాళ్ల మీద ఫిర్యాదులుగా మారడానికి ఎంతోసేపు పట్టదు, రాసింది ఫొటో తీసి ఇంకొకరికి పంపడానికి క్షణం చాలు. అందుకని మొత్తం మాటలే మానుకోమనడం సబబు కాదు. చెప్పేవారు కథలో తమనూ ఒక పాత్రగా ఉంచుకుంటే చాలావరకు చాడీ కాదు. అక్కడ లేని మనిషిని నవ్వులపాలు చేసే మాట వస్తే దాన్ని పొడిగించకుండా ఊరుకోవడం వినేవారి బాధ్యత. అలాగని అత్తవారింటి కష్టం చెప్పుకునేవారి నోరు నొక్కడం కూడా తప్పే. కొందరికి ఆ నలుగురు తప్ప చెప్పుకునే చోటు ఉండదు. తేలికదనం కబుర్లకు అందమే గానీ నిబంధన కాకూడదు. నిద్రపట్టడం లేదు అని ఒకరు రాస్తే దాని కింద నవ్వే బొమ్మ పెట్టి పండగ చీరల దగ్గరికి వెళ్లిపోయే గుంపు నేను ఇంతసేపు వెనకేసుకొచ్చిన గుంపు కాదు. అలాంటిచోట సరదా మనిషిని మూగచేస్తుంది.

రోజూ మాట్లాడుకోవడం వల్ల కలిగే అతి పెద్ద లాభం మాట ఆగినప్పుడు తెలుస్తుంది. కూర సంగతి రాయని రోజంటూ లేని మనిషి వరసగా మూడు రోజులు రాయకపోతే, రోజూ చదివేవాళ్లకు తప్ప అది ఎవరికీ కనిపించదు. మీ గుంపులో ఎవరైనా అలా మౌనంగా ఉంటే అక్కడే అందరి ముందు ఏమైందని అడగకండి. విడిగా ఫోన్ చేయండి, ఎత్తకపోతే సాయంత్రం మళ్లీ చేయండి. మీ ఇంట్లో అమ్మో భార్యో ఫోను చూసి నవ్వుకుంటూ ఉంటే, ఏమిటా పనికిమాలిన కబుర్లు అనకుండా ఆ అరగంట వాళ్లకు వదిలేయండి.