నీడలకు ఎక్స్‌పోజర్, వెలుగులకు డెవలపర్

చెట్టు నీడలో నల్ల గేదె, పక్కనే మిట్టమధ్యాహ్నపు ఎండలో తెల్ల పంచె కట్టుకున్న మనిషి. ఇద్దరినీ ఒకే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీదకు తేవాలి. లైట్ మీటర్‌ను నమ్ముకుంటే కుదరదు. దానికి నలుపూ తెలియదు, తెలుపూ తెలియదు. దేనికి గురిపెట్టినా అది నడిమి బూడిద రంగే అనుకుని లెక్క చెబుతుంది. గేదెకు గురిపెట్టి ఆ లెక్క ప్రకారం తీస్తే గేదె బూడిద రంగుకు తిరుగుతుంది, పంచె మడతలు తెలుపులో కలిసిపోతాయి. పంచెకు గురిపెడితే గేదె ఉన్నచోట నల్లటి మచ్చ మిగులుతుంది.

ఈ చిక్కుకు 1939-40 ప్రాంతంలో ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ ఒక దారి చూపించారు. అప్పుడు వాళ్లు లాస్ ఏంజెలెస్‌లోని ఆర్ట్ సెంటర్ స్కూల్లో పాఠాలు చెప్పేవారు. వాళ్లు చూపిన దారి పేరు జోన్ సిస్టమ్. ఎంత కాంతి పడితే నెగెటివ్ ఎంత నల్లబడుతుందో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లోనే ఇంగ్లండ్‌లో కొలిచి గ్రాఫు గీశారు. ప్రయోగశాలలోని ఆ లెక్కను ఆరుబయట కెమెరా పట్టుకున్న మనిషికి పనికొచ్చేలా చేయడమే ఆడమ్స్, ఆర్చర్‌ల ఘనత. జోన్ల లెక్కలో చిక్కటి నలుపు 0, కాగితపు తెలుపు 10, నడిమి బూడిద 5. ఒక జోన్ నుంచి పై జోన్‌కు కాంతి రెట్టింపు, అంటే ఒక స్టాప్ తేడా. గేదె ఒంటి మీది వెంట్రుకలు ప్రింటులో కనిపించాలంటే అది 3లో ఉండాలి. మీటర్ దాన్ని 5లో పెడుతుంది కాబట్టి రెండు స్టాప్‌లు తగ్గించి తీయాలి. ఎక్స్‌పోజర్ నిర్ణయం అక్కడితో అయిపోయింది.

మరి పంచె సంగతి? దాని రీడింగ్ గేదె కంటే ఆరు స్టాప్‌లు ఎక్కువ ఉందనుకుందాం. అప్పుడది 9లో పడుతుంది. అక్కడ మడతలు దాదాపు కనిపించవు. దాన్ని 8కి దించాల్సింది ఫిల్మ్ కడిగేటప్పుడు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే అందంగా తోచేది ఇదే. నీడలు పడిన చోట డెవలపర్‌కు పని తక్కువ, మొదటి నిమిషాల్లోనే చాలావరకు తీరిపోతుంది. వెలుగు బాగా పడిన చోట మాత్రం వెండి పేరుకుంటూనే ఉంటుంది. అందుకే సమయం సుమారు ఐదో వంతు తగ్గిస్తే గేదె పెద్దగా మారదు, పంచె మాత్రం దిగుతుంది. మబ్బు పట్టిన రోజున, తేడాలు చాలక దృశ్యం చప్పగా ఉన్నప్పుడు, సమయం పెంచితే వెలుగులు పైకి లేస్తాయి. నీడలో అసలు నమోదు కానిదాన్ని మాత్రం ఎంతసేపు కడిగినా రప్పించలేం.

ఈ లెక్కలు ఎంతగా ఒంటబట్టాలో 1941 నవంబర్ 1 సాయంత్రం ఆడమ్స్ చూపించాడు. న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రుడు లేచాడు. శ్మశానంలోని తెల్ల శిలువల మీద చివరి ఎండ ఉంది. మీటర్ ఎక్కడుందో దొరకలేదు. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని ఆయనకు గుర్తుంది. ఫిల్మ్ స్పీడ్ 64. దాని వర్గమూలం 8ని ఎఫ్ నంబరుగా, వెలుగు అంకెను సెకను వంతుగా తీసుకునే లెక్కన, ఎఫ్/8 దగ్గర సెకనులో 250వ వంతు ఇస్తే చంద్రుడు 5లో పడతాడు. 7లో పెట్టాలంటే 60వ వంతు. లెన్స్ మీది ఫిల్టర్ కాంతిని మూడో వంతుకు తగ్గిస్తుంది గనుక 20వ వంతు. ఎఫ్/32కి మారిస్తే దాదాపు ఒక సెకను. ఒక్క నెగెటివ్ తీసి, రెండోదానికి హోల్డర్ తిప్పేసరికి శిలువల మీది ఎండ పోయింది. నీడ రీడింగ్ తీసుకునే వీలు లేనప్పుడు పై కొస నుంచి లెక్క కట్టాడన్నమాట. నేల భాగం నెగెటివ్‌లో పల్చగా వస్తుందని ముందే ఊహించి, కడగడంలోనూ ఆ జాగ్రత్త తీసుకున్నాడు.

ఆడమ్స్ వాడింది షీట్ ఫిల్మ్, దేనికది విడిగా కడగొచ్చు. 36 ఫొటోల రోల్‌లో అన్నిటికీ ఒకే డెవలపింగ్. అందుకని రోల్ వాడేవాళ్లకు జోన్ సిస్టమ్ పనికిరాదంటారు. నేను ఒప్పుకోను. నీడకు గురిపెట్టి రెండు స్టాప్‌లు తగ్గించడం ఏ కెమెరాతోనైనా చేయొచ్చు. రోల్ మొత్తం ఒకే రకం వెలుగులో తీస్తే మిగతా సగమూ అందుతుంది.

మన ఊళ్లలో అసలు చిక్కు వేడి. హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్‌ను ఐడీ-11 డెవలపర్‌లో నీళ్లు కలపకుండా కడగడానికి ఏడున్నర నిమిషాలన్నది 20 డిగ్రీల లెక్క. వేసవిలో మన కుళాయి నీళ్లు అంతకంటే చాలా వేడి. వేడెక్కిన డెవలపర్ వేగంగా పనిచేస్తుంది, సమయం ఐదు నిమిషాల లోపుకు పడిపోతే మరకలు మరకలుగా వస్తుంది. డెవలపర్ సీసాను ఐసు నీళ్ల బకెట్‌లో ఉంచి 20కి దించాకే ట్యాంకులో పోయాలి. ట్యాంకును మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు, ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో నాలుగుసార్లు తిరగేయాలి. ఈ తిప్పడం ఒక్కో రోల్‌కు ఒక్కోలా ఉంటే సమయం తగ్గించామో పెంచామో చెప్పడానికి అర్థమే ఉండదు.

బీరువాలో పాత ఫిల్మ్ కెమెరా ఉన్నవాళ్లు ఒక ఫిల్మ్, ఒక డెవలపర్, ఒక మంచి థర్మామీటర్ కొనుక్కోండి. కొన్ని రోల్‌ల వరకు వాటిని మార్చకండి. ఏ నీడను ఏ జోన్‌లో పెట్టారో ప్రతి ఫొటోకూ నోటు పుస్తకంలో రాసుకుని, నెగెటివ్ పక్కన పెట్టి చూసుకోండి.