మర్యాద, క్రమం, అల్లరి: కొరింథీయుల మొదటి పత్రిక తెలుగు అనువాదంలో దైవక్రమ భావన

క్రైస్తవ విశ్వాస జీవనంలో దైవక్రమాన్ని గురించి మాట్లాడేవారు తరచుగా ఆధారం చేసుకొనేది పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని పద్నాలుగవ అధ్యాయాన్ని. తెలుగునాట విస్తృతంగా చదువుతున్న గ్రాంథికానువాదంలో ఆ అధ్యాయపు ముగింపు ‘మర్యాద’, ‘క్రమము’ అనే రెండు మాటల మీద నిలిచి ఉంది. అంతకు కొంత ముందు, 33వ వచనంలో, వీటికి విరుద్ధమైన స్థితికి ‘అల్లరి’ అనే మాట ఉంది. ఈ మూడు మాటలు తెలుగు సమాజం నుంచి ఏ అర్థాలను వెంట తెచ్చుకొన్నాయో, ఆ అర్థాలు పత్రికలోని వాదాన్ని ఎటు మళ్లించగలవో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. అనువాదకులను తప్పుపట్టడం ఇందులో లేదు. తగిన మాటను ఎంచుకొన్న తరువాత కూడా దాని వెనుక ఉన్న లోకం పాఠంలోకి ప్రవేశిస్తుంది.

‘మర్యాద’కు సంస్కృతంలో హద్దు, చెలియలికట్ట అని అర్థం. సముద్రం మర్యాద దాటదనడం కావ్యాలలో పరిపాటి. తెలుగు వాడుకలో ఈ మాట మరో దారి పట్టింది. ఆలయ మర్యాదలు, పెళ్లివారి మర్యాదలు, ఇంటికి వచ్చిన పెద్దలకు చేసే మర్యాదలు అన్నప్పుడు అది ఎవరి అంతస్తుకు తగిన గౌరవం వారికి దక్కడాన్ని సూచిస్తుంది. ఎవరికి ముందు, ఎవరికి తరువాత, ఎవరికి అసలు లేదు అన్నది అందులో ఇమిడి ఉంది. గ్రీకు మూలంలోని క్రియావిశేషణానికి చక్కని తీరుతో, చూపరులకు ఒప్పిదంగా అనే అర్థం ఉంది. అంతస్తుల వరుస అందులో లేదు. తెలుగు పాఠకునికి మాత్రం ‘మర్యాద’ పక్కన ‘క్రమము’ చేరగానే ఆ వరుస స్ఫురించడం సహజం.

కొరింథులో జరిగిన అక్రమం ఏమిటి? పద్నాలుగవ అధ్యాయాన్ని మాత్రమే విడదీసి చదివితే, ఆరాధనలో పలువురు ఒకేసారి భాషలతో మాట్లాడి గందరగోళం చేయడమే అక్రమమనిపిస్తుంది. అయితే సంఘంలోని విషయాలను సరిదిద్దే పని పత్రికలో అక్కడ మొదలు కాలేదు. పదకొండవ అధ్యాయంలో ప్రభువు భోజనానికి కూడిన సంఘంలో కలిగినవారు తమ భోజనాన్ని ముందే ముగిస్తున్నారు. లేనివారు ఆకలితో మిగిలిపోతున్నారు. ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకొని ఉండమని చెప్పి, మిగిలిన సంగతులను తాను వచ్చినప్పుడు సరిచేస్తానంటాడు పౌలు. ఆ 34వ వచనంలో తెలుగు అనువాదం వాడిన క్రియ ‘క్రమపరచు’. గ్రీకులో కూడా ఈ క్రియ, పద్నాలుగవ అధ్యాయంలోని ‘క్రమము’కు మూలమైన పదం ఒకే ధాతువుకు చెందినవి. అనువాదకులు ఈ బంధాన్ని తెలుగులో చక్కగా నిలిపారు. దీనిని పట్టించుకొంటే, ఆరాధనలోని క్రమాన్ని గురించిన మాటకు ముందే భోజనపంక్తిని గురించి ఈ మాట వచ్చిందని తేలుతుంది.

ఇక్కడే ‘అల్లరి’ అనే మాట ఇబ్బంది పెడుతుంది. మూలపదానికి నిలకడ లేకపోవడం, కుదురు చెడడం అని అర్థం. ‘అల్లరి’లో మొదట వినిపించేది చప్పుడు. పిల్లల అల్లరి, గుంపు అల్లరి, నలుగురిలో అల్లరిపాలు కావడం, అన్నీ చెవికీ కంటికీ తెలిసేవే. కొరింథు భోజనశాలలో కలిగినవారు ముందుగా తిని లేవడంలో చప్పుడేమీ లేదు. ఎవరైనా ఆకలిగొన్నవాడు గొంతెత్తి ఉంటే అల్లరి చేసినవాడు అతడే అయ్యేవాడు. నిశ్శబ్దంగా సాగే అక్రమానికి మన అనువాదభాషలో పేరు దొరకలేదు. మన సంఘాల చరిత్రను చదివేటప్పుడు ఈ లోటును తప్పక గుర్తుంచుకోవాలి.

పదకొండు, పద్నాలుగు అధ్యాయాల నడుమ ఉన్న పన్నెండవ అధ్యాయంలో శరీరం, అవయవాల ఉపమానం ఉంది. సమాజాన్ని దేహంగా ఊహించడం కొత్త కాదు. రోములో సామాన్యజనం నగరాన్ని విడిచి వెళ్లినప్పుడు మెనేనియస్ అగ్రిప్పా వారికి కడుపు, అవయవాల కథ చెప్పి తిరిగి తెచ్చాడని లివీ చరిత్ర. పనిచేసే చేతులు తినే కడుపు మీద తిరగబడరాదన్నది ఆ కథ సారం. ఋగ్వేదం పదవ మండలంలోని పురుషసూక్తంలో పురుషుని అవయవాల నుంచి నాలుగు వర్ణాలు వెలువడతాయి. మన పాఠకుల చెవిలో ముందుగా ఉన్నది ఇదే. పౌలు అదే ఉపమానాన్ని తీసుకొని గౌరవం పంచే దిశను తిప్పాడు. తక్కువదని తలచిన అవయవానికే ఎక్కువ ఘనత కలిగేలా దేవుడు శరీరాన్ని కూర్చాడన్నది అతని వాదం. గ్రీకు క్రియకు కలపడం, మేళవించడం అని అర్థం. తెలుగులో అది ‘అమర్చు’ అయింది. అమర్చినవి ఎక్కడివక్కడ ఉంటాయి. కలిపినవి అలా ఉండవు. ఈ తేడా చిన్నది కాదు. అయినా ఆ వాక్యంలోనే అవయవాలు ఒకదానినొకటి ‘పరామర్శించు’కోవాలన్న మాట పడి, జరిగిన నష్టాన్ని చాలావరకు పూడ్చింది. కష్టంలో ఉన్న ఇంటి గడప తొక్కి పలకరించడం పరామర్శ. తెలుగువారికి ఇంతకన్న దగ్గరి మాట దొరకదు.

దేహం వెలుపల ఉంచినవాని మాటేమిటి? 1941లో వెలువడిన గుర్రం జాషువ ‘గబ్బిలం’ వేసే ప్రశ్న ఇదే. ఆలయంలోకి గబ్బిలానికి ప్రవేశం ఉంది, మనిషికి లేదు. అక్కడ ఏ అల్లరీ లేదు. మర్యాదలన్నీ సక్రమంగానే సాగుతున్నాయి. క్రీస్తు చరిత్రను కూడా కావ్యం చేసిన ఈ కవి కావ్యాన్ని పన్నెండవ అధ్యాయం పక్కన పెట్టి చదివితే, పౌలు ఉపమానం తెలుగునేల మీద ఎదుర్కోవలసిన పరీక్ష స్పష్టమవుతుంది.

సంఘ నిర్మాణ చరిత్రలో ‘క్రమం’ ప్రధానంగా పదవుల క్రమంగానే చర్చకు వచ్చింది. అనువాదంలో ‘అధ్యక్షుడు’, ‘పరిచారకుడు’ అనే మాటలున్నాయి. మొదటి దాని మూలార్థం పైనుండి కనిపెట్టి చూసేవాడని, రెండవది సేవచేసేవాడని. తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో ‘అధ్యక్షపదవి’ అన్నప్పుడు మూలంలోని పని కాస్తా పదవిగా మారింది. 1912లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడైనాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన తొలి భారతీయుడాయన. ఆయన అధికార పరిధిలోని విశ్వాసులలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. బిషప్పుల వ్యవస్థ ఉన్న సంఘాలూ లేని సంఘాలూ ఏకం కావడానికి 1919లో తరంగంబాడిలో మొదలైన సంప్రదింపులు 1947లో దక్షిణ ఇండియా సంఘంగా ఫలించాయి. బిషప్పు స్థానం ఏమిటన్న వివాదం అందులో ఎంతో కాలాన్ని తీసుకొంది. పంక్తిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న ప్రశ్నకు కూడా అంత శ్రద్ధ దక్కవలసింది.

ఈ వాదానికి ఒక గట్టి ఆక్షేపం ఉంది. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలన్న మాట కూడా పద్నాలుగవ అధ్యాయంలోనే, అల్లరి, క్రమం అనే మాటల నడుమనే ఉంది. క్రమమంటే నోరు మూయించడమే కదా అనవచ్చు. కొన్ని ప్రతులలో ఆ రెండు వచనాలు అధ్యాయం చివర కనిపిస్తాయి. అవి పౌలువి కావన్న పండితులున్నారు. పదకొండవ అధ్యాయం స్త్రీలు ప్రార్థించడాన్ని, ప్రవచించడాన్ని ముందే అంగీకరించి మాట్లాడుతుంది. ప్రతుల తగవు ఎలా తేలినా, ఆ అధ్యాయంలో మౌనం స్త్రీలకు మాత్రమే చెప్పినది కాదు. అర్థం చెప్పేవారు లేనప్పుడు భాషలతో మాట్లాడేవాడు ఊరకుండాలి. కూర్చున్న మరొకరికి సంగతి బయలుపడితే, అప్పటిదాకా మాట్లాడుతున్న ప్రవక్త ఊరకుండాలి. మొదట మాటలాడే హక్కు దక్కినవాడు దానిని వెనుకవానికి విడిచిపెట్టడం అక్కడి క్రమం. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత బిషప్పు అయినారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ స్థానానికి వచ్చిన తొలి మహిళ ఆమె. తెలుగులో ఆమెను ‘బిషప్పు’ అనే అంటున్నారు. ‘అధ్యక్షురాలు’ అనే మాట ఆ స్థానానికి వాడుకలో స్థిరపడలేదు.