అచేతన ప్రత్యక్షం – దృశ్య కార్యస్మృతి: ఒక విమర్శ
చూడలేదనుకున్న దాన్ని మనసు గుర్తుంచుకోగలదా? గలదన్నారు 2011లో సోటో, మాంటిలా, సిల్వాంటో. ఏటవాలు చారల బొమ్మను లిప్తపాటు చూపి, వెంటనే మరుగుపరిచారు. కొంత విరామం తరువాత చూపిన చారలు మొదటివాటికంటే ఏ వైపు వాలాయో ప్రయోజ్యులు చెప్పాలి. ‘కనిపించలేదు’ అన్న సందర్భాల్లోనూ సరైన జవాబులు యాదృచ్ఛిక స్థాయి అయిన 50 శాతాన్ని మించాయి.

ఇక్కడ మీరు కాస్త ఆగాలి. ‘కనిపించలేదు’ అన్నది ప్రయోజ్యుని మాట మాత్రమే. లీలగా కనిపించినా, నమ్మకం చాలక అలా అనేవారుంటారు (జవాబు తెలిసీ ప్రశ్న వదిలేసే విద్యార్థిలాగా).

దీనికన్నా బలమైన ఆక్షేపణ 2016లో స్టైన్, కైజర్, హెసెల్‌మన్‌లది. బొమ్మ మాయం కాగానే ప్రయోజ్యుడు ఏదో ఒక వాలును ఊహించుకొని, విరామమంతా ఆ ఊహనే స్పృహతో మననం చేసి ఉండవచ్చు. అలాగైతే అచేతనమైనది ప్రత్యక్షమే, స్మృతి కాదు. జవాబుల శాతం ఒక్కదాన్నే చూసి ఈ రెండింటిలో ఏది జరిగిందో మీరు తేల్చలేరు.