‘మ్యుల్లైమర్’ పదవ్యుత్పత్తి విచారము

జర్మను భాషలో నింటి చెత్తను వేయు పాత్రకు ‘మ్యుల్లైమర్’ అని పేరు. ఇది ‘మ్యుల్’, ‘ఐమర్’ అను రెండు నామములు కూడిన సమాసము. పూర్వపదమునకుఁ జెత్త యనియు, నుత్తరపదమునకు బొక్కెన యనియు నర్థము. చెత్తకొఱకైన బొక్కెన కావున నిది చతుర్థీతత్పురుషమని తోఁచును. కాని ప్రకృతివికృతిభావము గలచోటనే తాదర్థ్యచతుర్థికి సమాసము చెల్లునని వైయాకరణుల మతము. ‘యూపదారు’ చెల్లును, ‘రంధనాయ స్థాలీ’ వాక్యముగనే నిలుచును. బొక్కెన చెత్తగా మాఱదు గదా! కావున ‘అశ్వఘాసము’వలె నిదియు షష్ఠీతత్పురుషమే.

‘మ్యుల్’ శబ్దము ఉత్తర జర్మనీ భాషలనుండి వచ్చినది. పొడిమన్ను, ధూళి దాని పూర్వార్థములు. తిరుగలిలో విసరుట యను నర్థముగల ‘మాలెన్’ అను క్రియయు, పిండికిఁ బేరైన ‘మేల్’ శబ్దమును దీనికి జ్ఞాతులు.

వివాదమంతయు ‘ఐమర్’ శబ్దమునందే కలదు. దీని ప్రాచీనరూపము ‘ఐంబర్’. ‘ఐన్’ అనఁగా నొకటి. ‘బెరన్’ అనఁగా మోయుట. కావున నొక్క పిడిచే మోయఁబడునది యని విగ్రహము చెప్పిరి. రెండు పిడుల తొట్టికి ‘ట్సూబర్’ అను పేరుండుటయు, దాని పూర్వరూపమగు ‘ట్స్విబర్’ నందు ద్విత్వార్థము స్పష్టముగా నుండుటయు నీ వాదమునకు బలము. విగ్రహము నిర్దుష్టము, అర్థము ప్రత్యక్షము. అయినను జరిత్ర దీని నంగీకరింపదు.

ప్రాచీన జర్మనులో ‘అంబర్’ అను రూపమును గలదు. ప్రాచీనాంగ్లమునను ‘అంబర్’ అనియే కలదు. ఇవి లాటిను ‘అంఫొర’ శబ్దమునుండి పుట్టినవి. ఆ లాటిను పదమునకు మూలము గ్రీకు ‘అంఫొరెవ్‌స్’. ‘అంఫి’ యనఁగా నిరువైపుల; ‘ఫెర్’ ధాతువు మన ‘భృ’ ధాతువునకు జ్ఞాతి. అనఁగా నిరువైపులఁ బట్టి మోయు కుండ. రెండు పిడుల పాత్ర భాషాంతరముఁ జొచ్చి యొంటిపిడి పాత్రయయ్యెను! ‘బెరన్’ కూడ ‘భృ’ ధాతువునకు జ్ఞాతియే యగుటచే నెఱుఁగకయే జనులు జ్ఞాతిస్థానమున జ్ఞాతిని నిలిపిరి.

అట్లని జనవ్యుత్పత్తిని ద్రోసివేయరాదు. అది శబ్దజన్మమును జెప్పుటలోఁ దప్పు. శబ్దరూపమును మార్చుటలో మాత్రము కారణము. ‘అంబర్’ ‘ఐంబర్’ అగుటకు ఆ భ్రాంతియే హేతువు.

రూపమును అర్థమును గుదిరినంతనే వ్యుత్పత్తి సిద్ధింపదు. ప్రాచీనప్రయోగము మూఁడవ సాక్షి. దేశ్యపదములకు సంస్కృతధాతువులను గల్పించు పండితులు ఆ సాక్షిని విచారింపక తీర్పు చెప్పరాదు.