సీసా, గిన్నె, అక్క

పోయిన మంగళవారం బజారుకు వెళ్తూ ఒక మందుల షాపు ముందు టక్కున ఆగిపోయాను. అద్దం తలుపు మీద రంగుకాగితం అంటించి ఉంది: పాలసీసాలు రెండు కొంటే ఒకటి ఉచితం. నాకు ఒళ్ళు మండిపోయింది. పాలసీసాలకూ డబ్బాపాలకూ ప్రకటనలు ఇవ్వకూడదని, బహుమతులూ కూపన్లూ ఆశచూపి అమ్మకూడదని 1992లో పార్లమెంటు చట్టం చేసింది. 1993 ఆగస్టు 1 నుంచి అది అమల్లో ఉంది. ఈ సంగతి ఇక్కడ ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఏటా ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలు వస్తే చాలు, మా ఇంట్లోవాళ్ళే "టీచరమ్మకు పూనకం వచ్చింది" అని నవ్వుకుంటారు.

లోపలికి వెళ్ళి అడిగాను. షాపాయన మర్యాదస్థుడే. "సరుకుతో పాటు వచ్చింది, అంటించాం మేడమ్" అన్నాడు. నేను చట్టం మొదలుపెట్టాను. మధ్యలో పక్కకు చూద్దును కదా, ఒకమ్మాయి తన చేతిలో ఉన్న సీసాను మెల్లగా డైపర్ల ప్యాకెట్టు కిందికి తోస్తోంది. మా ఎదురింటి అమ్మాయే. నా దగ్గర అయిదో తరగతి చదివింది.

నరసరావుపేటలో ఒక బ్యాంకులో పని చేస్తుంది. కాన్పుకు వారం ముందు దాకా వెళ్ళివస్తూ, 26 వారాల సెలవులో మిగిలినదంతా బిడ్డకోసం దాచుకుంది. ఆ సెలవు కాస్తా రేపు సోమవారంతో సరి. పిల్లాడికి ఆరో నెల నడుస్తోంది. ఇన్నాళ్ళూ తల్లి రొమ్ము తప్ప మరొకటి ఎరగడు. "సీసా చూస్తేనే గుక్కపట్టి ఏడుస్తున్నాడు టీచర్. నేనేదో తప్పు చేస్తున్నట్టుంది" అంది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. బల్లమీద సీసాలు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని వెనక ఒక్కో చుట్టం. ఆడపడుచు హైదరాబాదు నుంచి పంపింది ఒకటి, పిన్నత్తగారు తెచ్చింది ఒకటి. సలహాలూ అన్నే. పీకకు తేనె రాసి పెట్టమన్నారట ఒకావిడ. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదని, అరుదుగానైనా ప్రాణం మీదికి తెచ్చే జబ్బు దాని వల్ల వస్తుందని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ఇంకొకాయన సలహా మరీ సులువు: మాడ్చండి, అదే తాగుతాడు.

నేను మాత్రం మా అమ్మ ఉగ్గుగిన్నె కొంగులో చుట్టుకుని వెళ్ళాను. నా ఉగ్గుగిన్నె పిచ్చి మీకు కొత్త కాదు. అరచేతిలో ఇమిడే గిన్నె, దానికో పొడుగాటి ముక్కు. పీక లేదు, రబ్బరు లేదు, మూలల్లో పాలు పేరుకునే సందు లేదు. మరిగే నీళ్ళలో వేసి తీస్తే శుభ్రం. సీసాతో వచ్చే విరేచనాల బాధ సగం దాని మెడలోనూ పీక రంధ్రంలోనూ ఉంటుంది. నెల తక్కువ పిల్లలకు పెద్దాసుపత్రుల్లో ఈ రోజుకీ ఇలాంటి గిన్నెతోనే పాలు పడతారు. ఇంత సరుకు మన అటకమీద పెట్టుకుని రబ్బరు పీకల వెంట పడటమేమిటి అన్నది నా పాత వాదన.

"మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి? పొలానికి తీసుకుపోయే వాళ్ళం, పాలిచ్చే వాళ్ళం" అంది ఆ అమ్మాయి అత్తగారు. అవునని తల ఊపబోయాను. అంతలో ఒక మిరపచేను గుర్తొచ్చింది. ఇక ఆ పూట నా తల మరో వైపు తిరగలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు బొల్లాపల్లి వైపు ఒక పల్లెలో పోస్టింగు. సంక్రాంతి దాటిందంటే అక్కడ బడి సగం ఖాళీ. కాయ పండితే ఊరంతా చేలోనే. మార్కాపురం వైపు నుంచి కూడా కోత కూలీలు ముఠాలుగా దిగేవాళ్ళు. మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది, లెక్కల్లో చురుకు. పలక మీద కూడిక వేసి నేను వెనక్కి తిరిగేలోపు జవాబు రాసేది. ఆ పిల్ల వరసగా రాకపోయేసరికి వెతుక్కుంటూ చేనుకు వెళ్ళాను.

గట్టు మీద వేపకొమ్మకు చీర ఉయ్యాల, పక్కన ఈ పిల్ల. తమ్ముడు లేచి ఏడవగానే చంకనేసుకుని గట్టు వెంట నడిచి సాలు చివరికి తీసుకుపోయింది. తల్లి నడుము ఎత్తి చూసింది. పొద్దుట్నుంచీ కాయ కోసిన చేతులు. ఆ మంట నీళ్ళకు పోదు, నూనెకు లొంగుతుంది. గట్టున చిన్న సీసాలో ఆముదం పెట్టుకుంది. వేళ్ళ సందుల్లో రుద్దుకుని, కొంగుతో తుడుచుకుని, తర్వాత కడుక్కుంది. అయినా నమ్మకం లేదు, మణికట్టుతోనే రవిక పైకి తోసింది. బిడ్డ నాలుగు గుక్కలు తాగి కొంగు కంటికి రాసుకున్నాడు. కొంగు నిండా మిరప ఘాటే. వాడు కెవ్వుమంటే అక్క తన పావడా అంచు తడిపి కన్ను తుడిచింది. అవతల్నుంచి మేస్త్రి కేక. కూలి కిలోల లెక్కన. తల్లి మళ్ళీ సాల్లోకి వంగింది, పిల్ల మళ్ళీ ఉయ్యాల తాడు పట్టుకుంది. నేను రిజిస్టరు సంగతి ఎత్తితే తల్లి, "పాలు మానేదాకా ఓపిక పట్టండి టీచరుగారూ, మానాక పంపుతా" అంది. ఉగాది దాటాక పంపింది. ఆ పైయేడు కడుపులో ఇంకొకటి, పిల్ల ఇక రానేలేదు.

సీసా లేకుండానే పిల్లలు పెరిగారన్నది నిజమే. ఆ పాలకూ ఆ బిడ్డకూ మధ్య గట్టు మీద రోజంతా నడిచింది మటుకు ఎనిమిదేళ్ళ అక్క. ఉపాధి హామీ పనుల్లో ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు ఉంటే వాళ్ళను చూడటానికి ఒక మనిషిని పెట్టి కూలి ఇవ్వాలని 2005 చట్టం చెప్పింది. మిరపచేలో ఆ లెక్క అడిగేవాళ్ళు లేరు. కవి జాషువా పుట్టిన వినుకొండ మన ఊరు, శిశువు మీద ఆయన రాసిన పద్యాలు సభల్లో కళ్ళు మూసుకుని వింటాం. ఉయ్యాల ఊపే పిల్ల మీద ఎవరైనా రాశారేమో, నా కంటైతే పడలేదు.

సరే, ఎదురింటికి వద్దాం. నా ఉగ్గుగిన్నె సంగతి మొదట చెప్పేస్తాను. పసిగుడ్డుకు అది బంగారం. ఆరో నెల పిల్లాడు వేరే బాపతు. ముక్కు పెదవికి తగిలేలోపే చెయ్యి విసిరాడు. ఆ తల్లి పొద్దున్నే లేచి పిండి పెట్టుకున్న పాలు నా ఒళ్ళో పడ్డాయి. డబ్బాపాలైతే పోతే పోయాయనుకుంటాం. ఇవి ఆమె అరగంట కూర్చుని తీసినవి.

తర్వాత అనుభవమున్న నర్సమ్మ ఒకావిడ ఫోన్లో చెప్పినట్టు చేశారు. మొదటి షరతు: తల్లి ఇంట్లో ఉండకూడదు. అసలు పాలు అందుబాటులో ఉన్నాయని వాసన చెబుతుంటే ఏ బిడ్డ రబ్బరుకు నోరు తెరుస్తాడు? తండ్రికి ముందు గదిలోనే జిరాక్స్ షాపు. పని ఆయనకు పడింది. ఆకలితో గగ్గోలెత్తే దాకా ఆగకుండా, నిద్రలేచి ఇంకా మత్తు వదలని వేళ పట్టుకున్నాడు. పడుకోబెట్టలేదు, ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకున్నాడు. పాలను పొయ్యి మీద పెట్టలేదు, వేడినీళ్ళ గిన్నెలో సీసా ఉంచి ఒంటి వేడికి తెచ్చారు. పీకనూ అందులోనే ముంచి తీశారు. నెమ్మదిగా కారే పీక. దాన్ని నోట్లోకి తొయ్యకుండా పైపెదవికి తాకించి, వాడే నోరు తెరిచేదాకా ఆగడం. సీసాను తలకిందులుగా కాక అడ్డంగా పట్టడం. రొమ్ము దగ్గర బిడ్డ లాగితేనే పాలు వస్తాయి, ఆపితే ఆగుతాయి. సీసా ఎత్తి పడితే వద్దన్నా కారుతూనే ఉంటాయి, పొలమారుతుంది, మర్నాటి నుంచి సీసా చూస్తేనే భయం. అందుకే నాలుగు గుక్కలకోసారి కిందికి దించి ఊపిరి తీసుకోనివ్వడం. ఏడిస్తే పోట్లాడకుండా పక్కన పెట్టేసి, గంట పోయాక మళ్ళీ.

మొదటి రోజు పెదాలు బిగించి, వెన్ను వెనక్కి విరిచాడు. రెండో రోజు పీకను చిగుళ్ళతో కొరికి ఆడుకున్నాడు. శుక్రవారం పొద్దున తండ్రి భుజం మీదుగా జిరాక్సు కాగితాల కట్ట వైపు చూస్తూ చూస్తూ రెండు ఔన్సులు లాగేశాడు. మొహంలో ఏ విజయగర్వమూ లేదు, తేన్చాడంతే. కొందరు ఎంతకీ పట్టరు. వాళ్ళకు ఈ వయసులో చిన్న గ్లాసు అంచు పెదవికి ఆనించినా చాలు. అన్నప్రాశన అయితే జావ ఉంది, మెత్తటి పప్పన్నం ఉంది. పగలు తక్కువ తాగి, తల్లి రాగానే రాత్రంతా వసూలు చేసుకునే ఘనులూ ఉన్నారు.

నా చట్టం సంగతీ చెప్పాలి. కంపెనీలు పేద దేశాల తల్లులకు పాలపొడి అంటగట్టి, మురికినీళ్ళలో పలచగా కలిపిన పాలతో పసివాళ్ళు పోతుంటే 1977లో బహిష్కరణ ఉద్యమం లేచింది, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి వచ్చింది, 1992లో మన చట్టం. మూడూ అమ్మేవాడి చెయ్యి పట్టుకున్నవే. పాలు పిండి సీసాలో పోసి పనికి వెళ్ళే ఆడదాన్ని అందులో ఏ అక్షరమూ తప్పుపట్టదు. ఆ అమ్మాయి సీసాను డైపర్ల కింద దాచాల్సిన అవసరం లేదు. ఎనిమిదేళ్ళ ఆడపిల్లకు బదులు ముప్ఫై ఏళ్ళ మగవాడు ఉయ్యాల దగ్గర కూర్చోవడానికి సీసా పనికొస్తుందంటే, నా ఓటు సీసాకే. ఉగ్గుగిన్నె తిరిగి అటకెక్కింది.

ఇక మిగిలింది పాలు తీసే చోటు. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని 1961లోనే ప్రసూతి చట్టం నియమం పెట్టింది. 2017 సవరణ 50 మంది, ఆపైన ఉన్నచోట శిశు సంరక్షణ గది పెట్టమంది. ఆమె బ్రాంచిలో పట్టుమని పదిహేను మంది లేరు. బిడ్డేమో వినుకొండలో, రెండు విరామాల్లో వచ్చి పాలిచ్చి వెళ్ళడం రైలుకే సాధ్యం కాదు. అందుకని ఆ విరామాల్లో పాలు పిండుకుని, ఐసు సంచిలో పెట్టుకుని తెచ్చుకుంటానని మేనేజరును అడిగింది. మన ఎండలకు బయట ఉంచితే నిలవవు కదా. ఆయన కాదనలేదు. పాత ఫైళ్ళ గది వాడుకోమన్నాడు. గదికి ఫ్యాను ఉంది, కుర్చీ ఉంది, లోపలి గొళ్ళెం లేదు. దానికి పై ఆఫీసుకు రాయాలట. నరసరావుపేటలో వడ్రంగులు లేరా నాయనా, గొళ్ళెం డబ్బులు నేనిస్తాను.